గుర్రపు సాలలో తడి ఆరడం లేదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు పట్టుకున్న దగ్గర్నుంచి గుర్రాలున్నవాళ్లు రాస్తున్న ఉత్తరాలన్నీ దాదాపు ఒకటే గోడు: సాలలో చెమ్మ, కళ్లు మండే వాసన, మెత్తబడుతున్న గిట్టలు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర నల్లరేగడి పొలం. రెండు మార్వాడీ గుర్రాలున్నాయి, రెండూ మగవే. ఒక్కోదానికి పన్నెండడుగుల చదరం గది. పోయినేడు నేల మీద ఆరంగుళాల మొరం పోసి తొక్కించాం. నాలుగు నెలలకే గది నడుమ గుంత పడి ఉచ్చ నిలుస్తోంది. మళ్లీ మొరం పోస్తే రెండు నెలలకు మళ్లీ అదే. సిమెంటు వేయిస్తే పీడ వదులుతుందా?

జవాబు: సిమెంటు సంగతి చివర్లో చెప్తాం. ముందు గుంత నడుమే ఎందుకు పడుతోందో తెలుసుకోండి. మగ గుర్రం గది నడుమ నిలబడి పోస్తుంది. ఆడది ఎక్కువగా వెనక గోడ దగ్గర పోస్తుంది. పెద్ద గుర్రం రోజుకు 6 నుంచి 10 లీటర్ల దాకా పోస్తుంది కాబట్టి నెలకు రెండు మూడు వందల లీటర్లు ఒకే మూరెడు చోట పడుతున్నట్టు. దాని మీద గిట్టల తొక్కుడు. పైన మొరం నానుతుంది, కిందనున్న రేగడి ఉబ్బి మెత్తబడుతుంది, ఒక్కో అడుగుకూ మొరం కిందికి దిగుతుంది, రేగడి పైకి ఎగదన్నుతుంది. నమ్మకం లేకపోతే గుంత నడుమ పారతో ఒక అడుగు లోతు తవ్వి చూడండి. ఎర్ర మొరం కనిపించదు. నల్లగా, జిగటగా, ముక్కు పగిలే వాసనతో ముద్ద వస్తుంది. ఆ ముద్ద మీద ఎన్ని బుట్టల మొరం పోసినా అది మింగేస్తుంది.

కాబట్టి గుంత ఒక్కదాన్నే పూడిస్తే లాభం లేదు, గది మొత్తం తవ్వాలి. ఇప్పుడున్న మట్టం నుంచి 10 అంగుళాలు తవ్వి, 14 అంగుళాల మందాన నింపండి. నేల 4 అంగుళాలు పైకొస్తుంది. గుర్రం తలెత్తితే పైకప్పుకు తగలకుండా ఉందో లేదో ముందే చూసుకోండి. నల్ల ముద్ద 10 అంగుళాల కింద కూడా ఉంటే గట్టి మట్టి తగిలేదాకా తీసేయండి. గోడల పునాది కన్నా లోతుకు మాత్రం పోవద్దు.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. రేగడిలో గొయ్యి తవ్వి కంకర నింపితే అది తొట్టె అవుతుంది. పైనుంచి దిగిన ఉచ్చకు రేగడిలోంచి పోయే దారి లేక కంకరలోనే నిలిచి కుళ్లుతుంది. పైకి చూస్తే నేల పొడిగానే ఉంటుంది కానీ వాసన చావదు. అందుకని గొయ్యి అడుగుకే వాటం ఇవ్వాలి. ముందు గుమ్మం వైపు నుంచి వెనక గోడ వైపుకు అడుగు మట్టం రెండు మూడు అంగుళాలు దిగాలి. ఆ దిగువ అంచున గోడ వెంబడి 110 మి.మీ. పీవీసీ గొట్టం పరచండి. దానికి నాలుగంగుళాలకొకటి చొప్పున 10 మి.మీ. బెజ్జాలు రెండు వరసలుగా వేయించి, బెజ్జాలు కిందివైపు వచ్చేలా పెట్టండి. గొట్టానికి ఆరడుగులకు అంగుళం చొప్పున వాలు చాలు. దాన్ని గోడ దాటించి, బయట అంతకన్నా పల్లంగా ఉన్న కాలువలోకి తెరవండి. మూతికి ఇనప జాలీ బిగించకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. గొట్టం తెరవడానికి పల్లం దొరక్కపోతే అసలు తవ్వొద్దు. నేలను పైకి లేపడమే దారి, దాని గురించి పాలకొల్లు పాఠకులకిచ్చిన జవాబు చూడండి.

అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) పరచండి. రేగడి కంకరలోకి ఎగదన్నకుండా ఆపేది అదే, ఖర్చని మానొద్దు. దాని మీద 40 మి.మీ. కంకర 6 అంగుళాలు, తర్వాత 20 మి.మీ. కంకర 3 అంగుళాలు, పైన క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతి పొడి) 5 అంగుళాలు. మీ రెండు గదులకు కలిపి 40 మి.మీ. కంకర యూనిట్టున్నర, 20 మి.మీ. కంకర ముప్పావు యూనిట్టు, డస్ట్ యూనిట్టుకు కొంచెం పైన పడుతుంది (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). డస్ట్ తొక్కితే అణిగిపోతుంది కాబట్టి పావు వంతు ఎక్కువే తెప్పించుకోండి.

డస్ట్ అంతా ఒకేసారి పోసి దిమ్మిస కొడితే పైన గట్టిగా, లోపల బోలుగా ఉండిపోతుంది. రెండున్నర అంగుళాల చొప్పున రెండు విడతలు పోయండి. నీళ్లు ఎంత చల్లాలంటే, గుప్పెడు డస్ట్ పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. చేతి దిమ్మిస కన్నా ప్లేట్ కాంపాక్టర్ (నేలను అదిమే యంత్రం) ఒక పూట అద్దెకు తెచ్చుకోవడం మేలు. నేల పైభాగానికి కూడా వాటం కావాలి: పన్నెండడుగులకు 2 అంగుళాలు, వెనక గోడ వైపుకే. కంటితో అంచనా వేయొద్దు, మేస్త్రీ ట్యూబు లెవెలు పెట్టించండి. వాటం ఎక్కువైతే నీరు తొందరగా పోతుందని మూడు నాలుగంగుళాలు ఇస్తారు కొందరు. గుర్రం పగలూ రాత్రీ ఆ వాలు మీదే నిలబడాలి, దాని కాళ్ల నరాల మీద భారం పడుతుంది. అంత బాధ పెట్టొద్దు. పనయ్యాక నాలుగైదు రోజులు ఆరనిచ్చి గుర్రాన్ని కట్టండి.

ఇక సిమెంటు. ఈ కంకర పొరల మీదైతే వేయించొచ్చు, ఉత్త రేగడి మీద వద్దు. రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంటే పైన పలక పగలక తప్పదు. పగులులోంచి దిగిన ఉచ్చను ఏ పారా అందుకోలేదు. వేయిస్తే ఎం20 మిశ్రమం, 4 అంగుళాల మందం. గదికి సుమారు 11 బస్తాల సిమెంటు పడుతుంది. పైన నున్నగా రుద్దనివ్వకండి, తడి మీదే చీపురుతో వాటం దిక్కుగా గీతలు గీయించండి. గట్టి నేల కాబట్టి రబ్బరు పలకలో, మందమైన పరుపో (కింద వేసే గడ్డి, పొట్టు లాంటివి) తప్పనిసరి.

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో అద్దె తబేలాలో నాలుగు పెళ్లి గుర్రాలు ఉంచుతున్నాం. నేలకు షాబాద్ బండలు. రోజూ పొద్దున కడిగి బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నాం. అయినా తెల్లారి తలుపు తీస్తే కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఒక గుర్రం దగ్గుతోంది.

జవాబు: బ్లీచింగ్ పౌడర్ ఈ రోజే ఆపండి. ఉచ్చ కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. బ్లీచింగ్ దాంతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. అది మనుషుల ఊపిరితిత్తులకూ గుర్రాల ఊపిరితిత్తులకూ ఒకేలా చేటు. మీ కళ్ల మంటలో దాని వాటా కూడా ఉండొచ్చు. నేలను రోగక్రిముల కోసం శుద్ధి చేయాల్సి వస్తే గుర్రాల్ని బయట కట్టి, ఉచ్చ వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, ఆరాక మాత్రమే చల్లాలి.

తబేలాలో నిలబడి వాసన చూస్తే సరిపోదు. ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని, నేలకు మూరెడెత్తున ఊపిరి పీల్చండి. పడుకున్న గుర్రం ముక్కు ఉండేది అక్కడే. అక్కడ మీరు పది ఊపిరులు తీయలేకపోతే గుర్రం రాత్రంతా ఎలా తీస్తోందో ఆలోచించండి. దగ్గే గుర్రాన్ని వెంటనే పశువైద్యుడికి చూపించండి. ఆ వారం దాన్ని ఊరేగింపులకు పంపొద్దు.

ఇక అసలు తప్పు బండల సందుల్లో ఉంది. పాత సాలల్లో షాబాద్ బండలు ఇసక మీద పరుస్తారు. సందుల్లో పూసిన సిమెంటు గిట్టల దెబ్బకు రాలిపోతుంది. మీరు రోజూ కడిగే నీళ్లు ఉచ్చను సందుల్లోంచి ఇసకలోకి తోస్తున్నాయి. కడిగే కొద్దీ పైన శుభ్రం, కింద కుళ్లు. తేల్చుకోవాలంటే బాగా వాసన వచ్చే చోట ఒక్క బండ గడ్డపారతో లేపండి. కింద ఇసక నల్లగా, తడిగా ఉంటే జవాబు దొరికినట్టే.

ఇంటి యజమాని ఒప్పుకుంటే బండలన్నీ లేపి, నల్ల ఇసక మొత్తం ఎత్తిపోయించి, నాలుగైదు రోజులు నేలకు గాలి తగలనివ్వండి. తర్వాత 1:6 సిమెంటు మాలు మీద అవే బండలు తిరిగి పరిపించండి. అప్పుడే వీధివైపు కాలువకు ఆరడుగులకు అంగుళం వాటం పెట్టించండి. సందులు అరంగుళం లోతు గీకి 1:3 మాలుతో నింపాలి. షాబాద్ బండ తడిస్తే జారుతుంది, లాడాలు కొట్టిన కాలు మరీ జారుతుంది. రోటికి గంట్లు కొట్టినట్టు రాతిపనివాళ్ల చేత పైన గంట్లు పెట్టించండి.

యజమాని ఒప్పుకోకపోతే కనీసం సందులు గీకి నింపించండి. బండల మీదే పల్చగా సిమెంటు పూసి వాటం తెప్పిస్తామని మేస్త్రీ అంటే వద్దనండి. అంచుల్లో అరంగుళం, పావంగుళం మందాన ఉండే పూత నెల తిరక్కుండా పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చులు గిట్టల్లో గుచ్చుకుంటాయి. నీళ్లతో కడగడం రోజూ కాకుండా వారానికొకసారికి తగ్గించండి. రోజూ చేయాల్సింది తడి పరుపు ఎత్తేయడం, లద్ది తీసేయడం. పైకప్పు కింద ఎదురెదురు గోడలకు గాలి పోయే కంతలు లేకపోతే పెట్టించండి. ఎంత మంచి నేల వేసినా మూసిన గదిలో వాసన పోదు.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాది కాలవగట్టు ఊరు. గుర్రం ఒకటే, ఆడది. వానాకాలం ఉచ్చ పోయకపోయినా నేల చెమ్మగిల్లుతోంది. గది మూలలు కూడా తడే. కింద గోతులు తవ్వి కంకర నింపమంటున్నారు.

జవాబు: తవ్వొద్దు. డెల్టాలో వానాకాలం భూమిలో నీరు బాగా పైకొస్తుంది. మీరు తవ్విన గొయ్యి బావి అవుతుంది.

ముందు తడి ఎక్కడిదో తేల్చుకోండి. ఉచ్చ పడని మూల ఒకటి చూసి పరుపు తీసి, రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు నేలకు పరచి, అంచుల మీద మట్టి పెట్టి నొక్కండి. ఒక రోజు ఆగి ఎత్తండి. షీటు అడుగున నీటి బొట్లుంటే తడి భూమిలోంచి వస్తున్నట్టు. అడుగు పొడిగా ఉండి పైన తడి ఉంటే అది చూరు కారడమో, నీళ్ల తొట్టి ఒలకడమో. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది.

దానికి మందు ఎత్తు. చుట్టూ నేల కన్నా, మీ ఊళ్లో వాన నీరు నిలిచే మట్టం కన్నా సాల నేల అడుగున్నర పైన ఉండాలి. చుట్టూ ఇటుకతో పిట్టగోడ కట్టి, లోపల గ్రావెల్ ఆరంగుళాల చొప్పున పోసి తడిపి దిమ్మిస కొట్టించండి. ఆ పైన 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు, అంచుల్లో ఒకదాని మీదొకటి అడుగు ఎక్కేలా పరచండి. కింది చెమ్మ పైకి పీల్చుకోకుండా ఆపేది ఇదే. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు వేయించి, పన్నెండడుగులకు 2 అంగుళాల వాటం ఇవ్వండి. మీది ఆడ గుర్రం కాబట్టి వాటం వెనక గోడ వైపుకు పెట్టి, ఆ గోడ అడుగున బయటికి కంత వదిలితే పోసింది పోసినట్టే బయటికి జారుతుంది. మూడు వారాలు నీళ్లు పట్టి ఆరనిచ్చాకే గుర్రాన్ని ఎక్కించండి. ఎక్కడానికి మెట్లు వద్దు. అడుగెత్తుకు ఎనిమిదడుగుల పొడవు చొప్పున గరుకు వాలు కట్టించండి.

చూరు నీటి లెక్క కూడా చూసుకోండి. కప్పు చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. నలభై అడుగులకు పద్నాలుగడుగుల రేకుల కప్పు దాదాపు 52 చదరపు మీటర్లు. 50 మి.మీ. వాన ఒక్కటి కురిస్తే 2,600 లీటర్లు గోడ మొదట్లో దబదబా పడతాయి. చూరుకు తొట్టెగొట్టం బిగించి ఆ నీటిని పదిహేనడుగుల అవతల వదలండి. ఇది ఒక్కటి చేసినా కొన్ని సాలల్లో సగం చెమ్మ తగ్గుతుంది.

ప్రశ్న: అమెరికా టెక్సాస్‌లో ఉంటున్నాం. కాంక్రీటు మీద రబ్బరు మ్యాట్లు వేశాం. పైన పొడిగానే ఉంటుంది కానీ అమ్మోనియా వాసన పోవడం లేదు.

జవాబు: వాసన మ్యాట్ల కిందుంది. అక్కడ దొరికే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు మ్యాట్లు, మీది పన్నెండడుగుల చదరం గదైతే, సరిగ్గా ఆరు పడతాయి. వాటి సందుల్లోంచి ఉచ్చ దిగుతుంది, మళ్లీ పైకి రాలేదు. మ్యాట్లన్నీ లేపండి. ఒక్కోటి చాలా బరువు, ఇద్దరు పట్టాలి. నేల కడిగి ఆరాక ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. నీరు నిలిచిన చోటల్లా సుద్దతో గీత గీసి, ఆ పల్లాల్ని కాంక్రీటు మరమ్మతు మాలుతో సరిచేయండి.

తిరిగి పరిచేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. మ్యాట్ అడుగున గాడులుంటే అవి కాలువ వైపుకు పోయేలా తిప్పాలి. అడ్డంగా పరిస్తే ప్రతి గాడీ ఒక చిన్న కాలవగట్టై ఉచ్చను ఆపేస్తుంది. గోడల దగ్గర ఖాళీ వదలకుండా బిగుతుగా కోసి పెట్టండి. ఏడాదికి రెండుసార్లు లేపి కడగాల్సిందే.

ప్రశ్న: తడి చోట సున్నం చల్లితే వాసన పోతుందా? (నంద్యాల)

జవాబు: గోడలకు కొట్టే సున్నం వద్దు. అది గిట్టల పైచర్మాన్ని, గుర్రం పెదవుల్ని కాలుస్తుంది. పైగా ఘాటైన క్షారం తడి ఉచ్చ మీద పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా ఎగుస్తుంది. చల్లిన గంటసేపు వాసన పెరగడం మీరూ గమనించి ఉంటారు. నేలల పులుపు తగ్గించడానికి పొలంలో వేసే సున్నపురాయి పొడి అంత ప్రమాదం కాదు. అదైనా తడి పరుపు ఎత్తేసి, నేల ఆరాక పల్చగా చల్లి, పైన కొత్త పరుపు వేయాలి. జియోలైట్ (ఒక రకం ఖనిజం) పొడి దొరికితే అంతకన్నా మంచిది, అది అమ్మోనియాను పట్టుకుంటుంది. ఏ పొడి చల్లినా ఉచ్చ పోయే దారి లేకపోతే వారానికి మించి పనిచేయదు.

ప్రశ్న: గది నడుమ జాలీ పెట్టి లోపలి నుంచే గొట్టం వేశాం. ఆర్నెల్లకోసారి తెల్లటి గడ్డ కట్టి మూసుకుపోతోంది. ఉచ్చ కూడా మజ్జిగలా చిక్కగా ఉంటోంది. జబ్బా? గొట్టం చివర ఇంకుడు గుంతలోకి వదిలాం. (శామీర్‌పేట)

జవాబు: జబ్బు కాదు. గుర్రం ఉచ్చలో కాల్షియం కార్బొనేట్, జిగురు సహజంగానే ఉంటాయి, అందుకే మబ్బుగా, చిక్కగా కనిపిస్తుంది. ఎర్రగానో, కాఫీ రంగులోనో వస్తేనో, పోయడానికి గుర్రం అవస్థ పడుతుంటేనో మాత్రం ఆలస్యం చేయక వైద్యుణ్ని పిలవండి. గొట్టంలో గడ్డ కడుతున్నది ఆ కాల్షియమే, దానికి గడ్డిపోచలు తోడవుతున్నాయి.

గది లోపల జాలీ పెట్టడమే సరికాదు. సందుల్లో లాడం ఇరుక్కుంటే కాలు విరిగే ప్రమాదముంది, మూత ఊగితే గుర్రం బెదురుతుంది. జాలీని కాంక్రీటుతో మూసేసి, నేల అంచున ఆరంగుళాల వెడల్పు, అంగుళం లోతున గుండ్రటి అడుగుతో తెరిచిన కాలువ చేయించండి. చీపురు తిరిగే కాలువ మూసుకుపోదు. గడ్డి ఆపే జాలీ, గల్లీ ట్రాప్ (గొట్టంలోని వాసన వెనక్కి రాకుండా నీరు నిలిచే తొట్టి) గది బయట, చేతికందే చోట ఉండాలి. అక్కడ్నుంచి గొట్టం వేస్తే 110 మి.మీ. కన్నా సన్నంది వద్దు, మలుపు ఉన్న ప్రతిచోటా మూత తీసి కడిగే ఛాంబర్ పెట్టించండి.

ఇంకుడు గుంతలు వాన నీటి కోసం. ఉచ్చను వాటిలోకి వదిలితే నైట్రేట్లు భూమిలోకి దిగి మీ బోరు నీటినే పాడుచేస్తాయి. ఆ గొట్టాన్ని 500 లీటర్ల సిమెంటు తొట్టిలోకి మళ్లించండి. ఒక గుర్రానికి నెల దాటి సరిపోతుంది. అందులోది పదింతల నీళ్లు కలిపి చెట్ల మొదళ్లకు పోయొచ్చు. మూత గట్టిగా ఉండాలి, పిల్లలు తిరిగే చోటైతే తాళం వేయండి.

ప్రశ్న: పరుపుకు వరిగడ్డి, ఊక, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు – ఏది మేలు? గిట్టల కింద నల్లగా కారుతోంది. (తుని)

జవాబు: ముందు గిట్ట సంగతి. గిట్ట అడుగున నడుమ మెత్తగా ఉండే త్రికోణం పక్క గాడుల్లో నల్లటి కారుడు, కుళ్లు వాసన ఉంటే తడి నేల వల్ల వచ్చిన కుళ్లు అది. రోజూ గిట్టలు గీకి శుభ్రం చేసి ఆరనివ్వండి. నాల్‌బంద్‌కు (లాడాలు కొట్టేవాడికి), వైద్యుడికి చూపించండి. నేల ఆరకుండా ఎన్ని మందులు పూసినా అది తిరగబెడుతుంది.

మీ ప్రాంతంలో కొబ్బరి పొట్టు సులువుగా దొరుకుతుంది, తడి బాగా పీలుస్తుంది. ఎండబెట్టి వాడండి. రంపపు పొట్టు మంచిదే కానీ సన్నపు దుమ్ము జల్లించాలి, మందు కొట్టిన కలపది వాడకూడదు. ఊక దుమ్ము రేపుతుంది, తడి పెద్దగా పీల్చదు. వరిగడ్డి వేస్తే గుర్రం తింటుంది, ఎక్కువ తింటే కడుపునొప్పి రావచ్చు. ఇసక నేల తొందరగా ఆరుతుంది, కానీ నేల మీద మేత వేసేవాళ్లు ఇసక వాడొద్దు. మేతతో పాటు కడుపులోకి పోయి పేగుల్లో పేరుకుంటుంది.

ఏది వేసినా ఆరంగుళాల మందం, ఉచ్చ పోసే చోట ఇంకో రెండంగుళాలు. పొద్దున గుర్రాన్ని బయటికి తీశాక సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) చేత తడి పరుపంతా ఎత్తించి, మిగతాది గోడలకు నెట్టించి, నేలను రెండు మూడు గంటలు గాలికి వదిలేయండి. ఎత్తిన తడి పరుపును సాల పక్కనే కుప్ప పోయొద్దు. కుట్టే ఈగలు గుడ్లు పెట్టేది ఉచ్చతో కుళ్లిన గడ్డిలోనే, సర్రా జబ్బును (రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చేది) ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి మోసేవాటిలో అవీ ఉన్నాయి. కుప్ప కనీసం వంద అడుగుల దూరంలో, సాల వైపుకు నీరు పారని పల్లంలో ఉండాలి. వానాకాలం దాని మీద టార్పాలిన్ కప్పండి.